కిటికీలో చెయ్యి

మా ఆసుపత్రిలో దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. డాక్టరు మందు రాస్తాడు. ఆ చీటీ పట్టుకుని నర్సు మెట్లు దిగి మందుల కిటికీ దగ్గరికి పోతుంది. కిటికీకి ఇనపచువ్వలు, చువ్వల కింద చెయ్యి పట్టేంత సందు. చీటీ లోపలికి వెళుతుంది. కాసేపటికి ఒక చెయ్యి దాన్ని వెనక్కి తోస్తుంది.

"లేదు."

ఎందుకు లేదు, ఎప్పుడొస్తుంది, దాని బదులు ఏముంది అని అడిగేలోపు ఆ చెయ్యి లోపలికి పోయి ఉంటుంది. మందు ఉన్నరోజున ఇంకో తిరకాసు: వాడేసిన ఖాళీ సీసా తెస్తేనే కొత్తది. మంచం మీద మనిషి మెలికలు తిరుగుతుంటే చెత్తబుట్టలో ఖాళీ సీసాలు వెతుక్కున్న నర్సులు మాలో ఉన్నారు. మందులిచ్చేవాళ్ళంటే నర్సులకి అంత మంట దేనికని బయటివాళ్ళు అడుగుతుంటారు. ఒక్కరోజు మా మెట్లు ఎక్కి దిగండి, మీకే తెలుస్తుంది.

పైగా వాళ్ళు డాక్టరమ్మలు. మా హొండురస్‌లో ఫార్మసీ చదివినవాళ్ళ పట్టా మీద డాక్టరనే రాస్తారు. ఒళ్ళు తుడిచేదీ, వాంతులెత్తేదీ, చనిపోయినవాళ్ళ కళ్ళు మూసేదీ మేము. చల్లటి గదిలో కూర్చుని మాత్రలు లెక్కపెట్టేవాళ్ళు డాక్టరమ్మలు. మా హెడ్ నర్సు లస్తేనియా ఆ పిలుపుని ఎప్పుడూ మామూలుగా పలికేది కాదు. "డాక్టరమ్మగారండీ" అని ఎంత సాగదీసేదంటే, వినేవాళ్ళు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకునేవాళ్ళు. వెనక మాత్రం కిటికీలో ఎవరున్నా సరే అందరికీ ఒకటే పేరు, లేదమ్మ.

నా పేరు ఒనేయ్దా. సాన్ రోసెన్దో ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సుని. మా అమ్మ నన్ను కని, రక్తం ఆగక, నా మొహమైనా చూడకుండా పోయింది. అందుకే నేను ఈ వార్డే కావాలని వచ్చాను. కాన్పయ్యాక ఆడదాని పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే, లోపల గర్భసంచి ముడుచుకుని రాయిలా గట్టిపడాలి. అలా గట్టిపడినప్పుడల్లా, పరాయి ఆడదాని కడుపు మీదే అయినా, నాకు ప్రాణం లేచొచ్చేది. గట్టిపడకపోతే ఒక సూదిమందుంది. అది నరంలోకి పోతే చాలు, సంచి ముడుచుకుంటుంది, రక్తం ఆగుతుంది. మా అమ్మకి ఆ సూది దొరకలేదు. నాకు పెళ్ళయి చాలా ఏళ్ళకి, ఆశ వదిలేసుకున్నాక కడుపు నిలిచినప్పుడు నేను కోరుకున్నవి రెండే: మా అమ్మలా పోకూడదు, నా బిడ్డకి ఇంకొకరు తోడుండాలి. ఒంటిపిల్లగా పెరగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా వార్డుకి ఇంకో మందులకొట్టు ఉంది. దాన్ని మేము మాత డబ్బా అంటాం. వార్డు చివర మా దేశాన్ని కాచే సుయాపా మాత పీఠం, దాని కింద తెర, తెర వెనక నీలంరంగు బిస్కెట్ల డబ్బా. మందులు బయట కొనుక్కొచ్చినవాళ్ళు ఇంటికి పోతూ మిగిలినవి మాకే ఇచ్చి వెళతారు. "లేనివాళ్ళకి వాడండి సిస్టర్" అంటారు. మనిషి పోయిన ఇంటివాళ్ళయితే ఆ మందు మొహం చూడలేక వదిలి పోతారు. అవన్నీ డబ్బాలోకే. కింద లేదమ్మ లేదన్నప్పుడు పైన మాత ఉందనేది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఆ డబ్బా. పీఠం కింద తనిఖీ చేసే ధైర్యం ఏ అధికారికీ లేదు. లస్తేనియా ఆ మాత ముందు దీపం ఆరనిచ్చేది కాదు.

లస్తేనియా గురించి చెప్పకపోతే తప్పు. నా మొదటి డ్యూటీనాడు చేతులు వణుకుతుంటే వెనకనుంచి పట్టుకుని సూది వేయించిన మనిషి. "నువ్వు నా కడుపున పుట్టాల్సిందే పిల్లా, దారి తప్పి ఇంకో గుమ్మంలో పడ్డావు" అనేది. జ్ఞానస్నానం రోజున నా బిడ్డని ఎత్తుకునే జ్ఞానతల్లి తనేనని, నాకు మూడోనెల నిండకముందే వార్డంతా చాటేసింది.

అలాంటి వార్డులోకి డూనియా వచ్చింది.

రాజధానినుంచి ఏదో కొత్త ఉత్తర్వు. మందులమనిషి కిటికీ వెనక కూర్చుంటే చాలదు, పైకొచ్చి వార్డుల్లో తిరగాలి, ఎవరికి ఏం ఇస్తున్నారో చూడాలి. అలా పైకొచ్చిందే డూనియా, చిన్నపిల్ల. సన్నగా, ఇస్త్రీ కోటు, కోటు జేబులో థర్మామీటరు. మొదటిరోజే పేషెంట్ల మంచాల దగ్గర నిలబడి, వాళ్ళు వేసుకునే మందులేమిటని పేరుపేరునా అడిగింది.

"చుట్టానివా, గూఢచారివా?" అంది లస్తేనియా, వినపడేలాగే.

"రెండూ కాదు సిస్టర్. ఫార్మసిస్టుని."

"అయ్యో, డాక్టరమ్మగారండీ! మెట్లెక్కి వచ్చారు, కాళ్ళు నొప్పులు పుట్టలేదు కదా? మంచినీళ్ళివ్వమంటారా? లేక అవీ లేవంటారా?"

అందరం నవ్వాం. డూనియా చెవులు ఎర్రబడ్డాయి గానీ కదల్లేదు. ఆ వారంలోనే ఒక బాలింతకి డాక్టరు రాసిన రక్తపోటు మాత్ర ఆమె ఉబ్బసానికి పడదని పట్టుకుంది. డాక్టరు గొణుక్కుంటూ మార్చాడు. మా ఆయా మార్లెన్ ఆరోజునుంచి ఆ పిల్లకి కాఫీ ఇవ్వడం మొదలుపెట్టింది. అలాగే సాగి ఉంటే ఏమయ్యేదో. తమాలెల గొడవ రాకపోయుంటే.

మా వార్డులో మందుల ఫ్రిజ్ ఒకటుంది. పేరుకే మందులది. మా ఊరి ఎండలో చల్లగా ఉండే చోటు అదొక్కటే, అందుకని జున్నుముద్దలూ, చింతపండు పానకం, ఒకరి పుట్టినరోజు కేకు, అన్నీ అందులోనే. మందులు ఒక మూల. నాకు ఏడోనెల వచ్చిందని వార్డువాళ్ళు వేడుక పెట్టుకున్నారు. లస్తేనియా రాత్రంతా మేలుకుని అరిటాకుల్లో మొక్కజొన్నపిండి తమాలెలు చుట్టి, పెద్ద గిన్నెడు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. మేము డాక్టరుగారి వెంట తిరిగి వచ్చేసరికి గిన్నె నేలమీద ఉంది. చీమలు పట్టేశాయి. ఫ్రిజ్ ముందు డూనియా మోకాళ్ళ మీద కూర్చుని మందుపెట్టెలు సర్దుతోంది, థర్మామీటరు లోపల పెట్టి చూస్తోంది.

"ఏమిటమ్మాయ్ ఇది?" లస్తేనియా గొంతు మామూలుగానే ఉంది. అదే భయం వేసింది నాకు.

"సిస్టర్, ఫ్రిజ్ నిండా తిండి కుక్కితే చల్లగాలి ఆడదు. ముఖ్యంగా రక్తం ఆగే సూది. వేడి తగిలితే అది చచ్చిపోతుంది. చూడ్డానికి అలాగే ఉంటుంది, పనిచెయ్యదు. ఇది వంటిల్లు కాదు కదా."

ఆ ఆఖరిమాట అనకుండా ఉండాల్సింది. నిజం చెప్పేవాళ్ళకి తరచూ ఉండే జబ్బే అది, ఒక మాట ఎక్కువ.

"నీ పాలపళ్ళు ఊడకముందునుంచి ఈ సూది వేస్తున్నానే నేను! ఎంతమంది తల్లులు బతికారో పోయి ఊరిని అడుగు. ఆ ఫ్రిజ్‌కి కరెంటు పోతే ఏం చేస్తావ్, విసనకర్రతో విసురుతావా? పిల్లదాని వేడుకకని చేసిన తిండి నేలపాలు చేశావు. నువ్వు పెట్టేదానివీ కాదు, అడుక్కుతిననిచ్చేదానివీ కాదు."

డూనియా లేచి నిలబడింది. "తిండి సంగతి క్షమించండి. తప్పు నాదే. మందు సంగతి మాత్రం ఒప్పుకోను."

అప్పటినుంచి ఆ పిల్ల రోజూ వచ్చి ఫ్రిజ్‌లో ఏమేం ఉన్నాయో చూసుకునేది, లస్తేనియా రోజూ డైరెక్టరు గదికి వెళ్ళేది. నర్సుల పనికి అడ్డం, పేషెంట్లని బెదరగొడుతోంది, మర్యాద లేదని ఫిర్యాదు. లస్తేనియా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం, డైరెక్టరేమో గొడవలంటే పడని మనిషి. ఎండాకాలం సగమయ్యేసరికి డూనియాని మళ్ళీ కిటికీ వెనక్కి పంపేశారు. వార్డులో పండగ చేసుకున్నారు. జున్నుముద్దలు ఫ్రిజ్‌లోకి తిరిగొచ్చాయి.

నేను కాన్పు సెలవు పెట్టే ముందురోజు ఏదో మందుకని కిందికి దిగాను. చీటీ సందులో పెట్టాను. చెయ్యి బయటికొచ్చింది కానీ చీటీని తొయ్యలేదు.

"ఒనేయ్దా గారూ, మీరేనా?" చువ్వల వెనకనుంచి డూనియా వంగి చూసింది. "ఇక్కడ కూర్చుంటే నాకు మనుషులు కనపడరు. చేతులే కనపడతాయి. మీ ఉంగరం చూసి గుర్తుపట్టాను."

"ఎలా ఉన్నావ్?"

"ఉన్నాను. మీ అమ్మగారి సంగతి మార్లెన్ చెప్పింది." గొంతు తగ్గించింది. "మీ కాన్పుకని ఆ సూదులు పక్కన పెట్టాను. ఇక్కడి పెద్ద ఫ్రిజ్‌లో, చల్లగా, మీ పేరుతో. నొప్పులొచ్చిన రోజున ఎవర్నైనా పంపండి చాలు. ఖాళీ సీసాలు, చీటీ ఏమీ అక్కర్లేదు."

సందులోనుంచి ఆ వేళ్ళు పట్టుకుని నొక్కాను. చల్లగా ఉన్నాయి. ఆ గదిలో కూర్చునేవాళ్ళ వేళ్ళు అలాగే ఉంటాయి కాబోలు.

నొప్పులు పట్టపగలు మొదలయ్యాయి. కరెంటు లేదు. నా భర్త నహూన్ నన్ను ఖర్బూజాల లారీలో కూర్చోబెట్టి తెచ్చాడు. నేను రోజూ తుడిపించే కాన్పుల బల్ల మీద నేనే పడుకున్నాను. లస్తేనియా ఆరోజు సెలవైనా పరుగెత్తుకొచ్చింది. నా నుదురు తుడుస్తూ, వెక్కిరిస్తూ, తిడుతూ, ముద్దులు పెడుతూ పక్కనే నిలబడింది. నాకు భయం లేదు. అంత ప్రేమ చుట్టూ ఉంటే భయమెలా ఉంటుంది?

నొప్పికీ నొప్పికీ మధ్య చెప్పాను. "అక్కా, కింద డూనియా దగ్గర నాకోసం సూదులున్నాయి. తెప్పించి ఉంచు."

లస్తేనియా మొహం ముడుచుకుంది. "ఎవరి దగ్గర? ఆ లేదమ్మ దగ్గరా? నా పిల్ల కాన్పుకి నేను పోయి దాని ముందు చెయ్యి చాపాలా?"

"పేరు రాసి పెట్టిందక్కా..."

"నోర్మూసుకుని ముక్కు. నీకోసం నేనెప్పుడో దాచాను. అన్నిట్లోకీ మంచివి, కొత్తవి. నువ్వు కడుపుతో ఉన్నావని తెలిసినప్పటినుంచి ఇంకెవరికీ వెయ్యలేదు తెలుసా?"

మార్లెన్ గుమ్మంలో నిలబడి ఉంది. "నేను దిగి తెస్తా సిస్టర్, నిమిషం పట్టదు."

"దిగావంటే మళ్ళీ ఈ వార్డు మెట్లెక్కకు" అంది లస్తేనియా.

పాప పుట్టింది. నల్లటి జుట్టు, గట్టి గొంతు. నా గుండెల మీద పెట్టారు. వెచ్చగా, జిగటగా, నాది. ఏడ్చాను, నవ్వాను. మాయ కూడా పడింది. అప్పుడు లస్తేనియా "సూది తెస్తా" అని చేతులు తుడుచుకుంటూ వార్డు చివరికి నడిచింది. తెరిచిన తలుపులోంచి నాకు కనపడుతూనే ఉంది. మాత పీఠం ముందు వంగింది. దండం పెట్టుకోవడానికి వెళ్ళిందనుకున్నాను.

ఆమె తెర జరిపి డబ్బా తీసింది.

అప్పుడర్థమైంది. డూనియా ఫ్రిజ్ చూసుకోవడం మొదలుపెట్టిన రోజునే, ఎక్కడ పట్టుకుపోతుందోనని, మంచి సూదులన్నీ ఏరి మాత డబ్బాలోకి మార్చేసింది. నా కోసం. ఆ ఎండాకాలమంతా అవి దీపం కింద, రేకు డబ్బాలో ఉన్నాయి. మా ఊళ్ళో రేకు ముట్టుకుంటే బొబ్బలెక్కే ఎండాకాలం.

"అక్కా, అవి వద్దు" అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను.

"కదలకు" అంది. వేసింది.

నా పొత్తికడుపు మీద నా చెయ్యే వేసుకున్నాను. ఎంతమందికి చూశాను, నాకు తెలియదా? మెత్తగా ఉంది. కలిపిన పిండిలా. లస్తేనియా పిసుకుతోంది, ఇంకో సూది వేసింది, సెలైన్లో ఇంకొన్ని కలిపింది, మాతని పిలుస్తోంది. కిందనుంచి వెచ్చగా కారుతూనే ఉంది. మా అమ్మకీ ఇలాగే వెచ్చగా ఉండి ఉంటుందని అనుకున్నాను. నొప్పి లేదు. సిగ్గనిపించేంత హాయిగా, నిద్రలా ఉంది.

మార్లెన్ ఎవరి మాటా వినకుండా కిందికి పరుగెత్తింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక్కటే. డూనియా. ఇస్త్రీ కోటు, గుండీలు ఊడి, ఐసుపెట్టె గుండెలకి పట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మంలో నిలబడింది. ఆ చల్లటి సూదే నా ప్రాణం నిలబెట్టిందని డాక్టరు తర్వాత చెప్పాడు. గర్భసంచిని నిలబెట్టడానికి మాత్రం సమయం మించిపోయింది. తీసేశారు.

నేను బతికాను. పాప బతికింది. ఇద్దరు పిల్లలు కావాలనుకున్న కడుపు ఖాళీ అయింది.

లస్తేనియా నా మంచం వదల్లేదు. కోడిసూపు కాచి తెచ్చి చెంచాతో తాగించింది, నా తల దువ్వింది, పాప గుడ్డలు ఉతికింది. కన్నతల్లి కూడా అంత చెయ్యదు. నేను నోరు తెరిచి సూపు తాగాను. ఆ చేతినే ముద్దాడాలో కొరకాలో నాకు తెలియలేదు.

విచారణ అన్నారు. మార్లెన్ వచ్చి చెవిలో చెప్పింది. "అక్కా, వార్డంతా ఒకటే మాట. కింద అడిగితే సూది లేదన్నారట, ఇవ్వడానికి ఆలస్యం చేశారట. అందరూ అదే చెప్పారు." కళ్ళు దించుకుంది. "నా చేత కూడా చెప్పించారు."

ఆ సాయంత్రం సూపు గిన్నె పక్కకి నెట్టాను.

"అక్కా, కింద ఎవరూ అడగలేదు. నువ్వు అడగనివ్వలేదు."

లస్తేనియా చెంచా గిన్నెలో పడేసింది. "అడిగితే మాత్రం? ఎన్నిసార్లు లేదనలేదు వాళ్ళు? ఎంతమంది ఆడవాళ్ళు ఆ లేదన్న మాటకి బలి కాలేదు? ఈ ఒక్కసారి అనకపోతే మిగతావన్నీ మాఫీ అయిపోతాయా?"

"ఈసారి ఉందంది."

"నాకు పింఛను దగ్గరికొచ్చింది పిల్లా. ఆ పిల్ల చిన్నది, చదువుకుంది, ఎక్కడైనా బతుకుతుంది. నన్ను బయటికి గెంటితే నేనేం చెయ్యను? నా చేతులకి ఇంకేం వచ్చు?" కళ్ళనిండా నీళ్ళు. "నీకోసమే దాచానే. ఆ మాత సాక్షిగా, నీకోసమే."

అది నిజం. అదే నా ఖర్మ. పగతో చేసి ఉంటే హాయిగా పగబట్టేదాన్ని.

డైరెక్టరు మర్నాడు వచ్చాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని, పాప బాగుందన్నాడు. నేను అంతా చెప్పాను. ఫ్రిజ్, తమాలెలు, డబ్బా, దీపం, నా పేరుతో దాచిన సూదులు, అన్నీ. లస్తేనియా గోడకి ఆనుకుని నిలబడి వింది. ఆయన తలాడిస్తూ వింటుంటే, నిజానికి కూడా ఒక చోటుందని అనిపించింది.

చివర్న నా చెయ్యి తట్టాడు. "చాలా రక్తం పోయిందమ్మా మీకు. మత్తు కూడా ఇచ్చారు. అలాంటప్పుడు మనిషికి ఏవేవో జరిగినట్టు అనిపిస్తుంది. నర్సులు కదా, మీకు తెలియంది కాదు."

తెలుసు. బల్ల మీదనుంచి లేచిన ఎందరు తల్లులకో ఆ మాటే చెప్పి పడుకోబెట్టే వార్డు మాది.

ఉరుము ఉరిమి మంగలం మీద పడింది. డూనియాని సరిహద్దు అవతలికి పోయే దారిలో, కరెంటే సరిగా లేని ఆరోగ్యకేంద్రానికి మార్చారు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చింది. తప్పుచేసిందానిలా తలుపు దగ్గరే ఆగింది.

"నాకే బుద్ధి ఉండాల్సింది" అంది. "మీకు నొప్పులని వినగానే నేనే తీసుకుని పైకి రావాల్సింది. మళ్ళీ పైకొస్తే గొడవవుతుందని కింద కూర్చున్నాను. చీటీ వస్తుందని ఆ సందువైపే చూస్తూ కూర్చున్నాను."

పాపని చూపించాను. ఆ చల్లటి వేలితో పాప బుగ్గ ముట్టుకుని వెళ్ళిపోయింది. నా నిజం ఆ పిల్లకి పూచికపుల్లంత కూడా పనికిరాలేదు.

జ్ఞానస్నానం రోజున పాపని లస్తేనియానే ఎత్తుకుంది. ఇచ్చినమాట ఊరంతా ఎరుగును, నేను వద్దంటే నహూన్ కూడా నాకు పిచ్చెక్కిందనే అంటాడు. మురిపెంగా కొత్త గౌను వేసుకుని వచ్చింది. ఫాదర్ నీళ్ళు పోస్తుంటే పాప కెవ్వున ఏడ్చింది. "గొంతు చూడు, నా కూతురే" అంది లస్తేనియా. అందరూ నవ్వారు.

మళ్ళీ పనిలో చేరాను. వార్డులో నాతో అవసరానికే మాట్లాడతారు. మనవాళ్ళ మీద డైరెక్టరుకి చెప్పినదాన్ని కదా. నేను మాత్రం ఒట్టు పెట్టుకున్నాను, ఆ డబ్బాలో చెయ్యి పెట్టనని.

మొన్న ఒక పిల్లని తెచ్చారు. కొండమీది పల్లె, వెంట ముసలి అత్త తప్ప ఎవరూ లేరు. కాన్పయింది. పొత్తికడుపు మీద చెయ్యి వేశాను. మెత్తగా ఉంది. ఫ్రిజ్ తెరిచాను. జున్నుముద్దలున్నాయి, పానకముంది, సూది లేదు. లస్తేనియా మాతవైపు కదలబోయింది.

"వద్దు" అని అరిచాను. "పిసుకుతూ ఉండు. నేను తెస్తాను."

మెట్లు ఎలా దిగానో తెలియదు. సందులో చెయ్యి మొత్తం దూర్చి బల్లమీద కొట్టాను. "రక్తం ఆగే సూది! కాన్పుల గది! తొందరగా!"

చువ్వల వెనక ఎవరో కుర్చీలోంచి లేచారు. తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. ఒక చెయ్యి బయటికొచ్చింది. కొత్త చెయ్యి, గోళ్ళకి రంగు.

"లేదు."

"పక్కన పెట్టినవి ఉంటాయి చూడు! పెద్ద ఫ్రిజ్‌లో చూడు!"

"పక్కన ఎవరు పెడతారమ్మా? లేదంటుంటే?"

"నువ్వూ ఒక మనిషివేనా? పైన ఆడది పోతోందే! చల్లగా కూర్చుని లెక్కపెట్టుకోడానికా నీకు డాక్టరమ్మ అని పేరు?" అది నా గొంతు కాదు. మాటమాటా లస్తేనియాదే. నా నోట్లోంచి వస్తోంది, ఆగడం లేదు. "లేదమ్మా! నీ నోట ఇంకో మాట రాదా?"

చెయ్యి లోపలికి పోయింది.

ముసలి అత్తని బయటి మందులకొట్టుకి పంపాను. ఆమె చెప్పులు లేకుండా, చీటీ తిరగేసి పట్టుకుని, ఏ వైపు వెళ్ళాలో తెలియక గేటు దగ్గర నిలబడిపోయింది. మార్లెన్‌ని ఆమె వెంట తరిమాను. ఎప్పుడొస్తారో, అసలు దొరుకుతుందో లేదో. పైకి పరుగెత్తాను.

పిల్ల పెదవులు తెల్లబడ్డాయి. లస్తేనియా పక్కనే డబ్బా ఉంది. మూత తీసే ఉంది. నావైపు చూసింది. గెలిచిన మొహం కాదు, ఏడుపుమొహం. ఒక చేత్తో పిసుకుతూనే, రెండో చేత్తో డబ్బాని నావైపు చాపింది.

ఒకటి తీసుకున్నాను. వెచ్చగా ఉంది.